టీకా తర్వాత ఆ అరగంట, ఆ రెండు రోజులు, ఆ రెండు వారాలు

బుధవారమో శనివారమో టీకాలు వేసే రోజున ఆరోగ్య ఉపకేంద్రంలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "అరగంట కూర్చుని వెళ్లండమ్మా." కూలి పోతుందనో, బస్సు దాటిపోతుందనో, బిడ్డ ఏడుపు మానేసింది కదా అనో తల్లులు లేచి బిడ్డను చంకనేసుకుంటారు. ఏఎన్ఎం మళ్లీ కూర్చోబెడుతుంది. ఆ అరగంట దేనికో మాత్రం చాలాచోట్ల చెప్పరు, చెబితే భయపడతారని. చెప్పకపోవడం వల్లే ఎక్కువ భయపడుతున్నారేమోనని నా అనుమానం. రాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఇది మామూలు జ్వరమా, ప్రాణం మీదికి వచ్చిందా అన్నది తెలియక అర్ధరాత్రి ఆటో వెతుక్కునేది ఆ తల్లిదండ్రులే మరి.

టీకా తర్వాత మనిషిని ఆసుపత్రికి పరుగెత్తించే లక్షణాలు చాలానే ఉన్నాయి. వాటిలో నిజంగా ప్రాణాపాయమైనవి బహు తక్కువ. చూడటానికి ప్రాణం పోయినట్టే ఉండి, కాసేపటికి తేరుకునేవి అంతకంటే ఎక్కువ. అసలు టీకాతో సంబంధమే లేకుండా దాని వెనకాలే వచ్చిపడేవి ఇంకా ఎక్కువ. వీటిని విడదీయడానికి అత్యవసర విభాగంలో డాక్టరు మొదట అడిగేది ఒకటే: సూది ఎప్పుడు వేశారు, ఇది ఎంతసేపటికి మొదలైంది? అలర్జీ రేగడానికి నిమిషాలు చాలు. జ్వరం పుట్టడానికి గంటలు పడుతుంది. బలహీనపరచిన వైరస్ ఒంట్లో పెరగడానికి వారం కావాలి, యాంటీబాడీలు తయారై దారి తప్పడానికి ఇంకొంచెం ఎక్కువ. వ్యవధి కుదరకపోతే ఆ అనుమానాన్ని అక్కడే పక్కన పెట్టవచ్చు.

అరగంట కాపలా అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన అలర్జీ కోసం. దీన్ని కనిపెట్టిన తీరు విచిత్రంగా ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రవేత్తలు మొనాకో రాజు ఆల్బర్ట్ ఓడలో సముద్రయానం చేస్తూ విషపు సముద్రజీవుల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ విషాన్ని కొంచెం కొంచెం ఎక్కిస్తే కుక్కలకు తట్టుకునే శక్తి వస్తుందని వాళ్ల ఆశ, అంటే టీకా ఆలోచనే. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదును హాయిగా తట్టుకుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ కాస్త ఎక్కించారు. రొప్పింది, వాంతి చేసుకుంది, 25 నిమిషాల్లో చచ్చిపోయింది. ఒళ్లు రక్షణ నేర్చుకోవడానికి బదులు అతిగా రెచ్చిపోవడం నేర్చుకుందన్నమాట. ఈ సంగతి 1902లో ప్రపంచానికి తెలిసింది, 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషుల్లో జరిగేదీ అదే. టీకాలోని ఏదో ఒక పదార్థానికి, ఎక్కువసార్లు జెలటిన్ లాంటి సహాయక పదార్థానికి, ఒంట్లో ముందే ఐజీఈ యాంటీబాడీలు ఉంటాయి. అవి చర్మంలోనూ ఊపిరితిత్తుల్లోనూ పేగుల్లోనూ ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని కాచుకుని ఉంటాయి. ఆ పదార్థం తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్‌నూ దాని తోటి రసాయనాలనూ ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి, పెదవులు, నాలుక వాస్తాయి, గొంతు బిగుస్తుంది, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. రక్తనాళాలు వెడల్పై వాటి గోడల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. పంటకాలువకు గండి పడితే చివరి మడికి నీరందనట్టు, గుండెకూ మెదడుకూ రక్తం చాలదు. చిన్నపిల్లల్లో కొన్నిసార్లు దద్దుర్లు లేకుండానే వాంతులు, సోలిపోవడం కనపడతాయి.

ఇది ఎంత అరుదంటే, అమెరికాలో 2009 నుంచి 2011 దాకా రెండున్నర కోట్ల డోసులను పరిశీలించిన అధ్యయనంలో నిర్ధారణ అయినవి 33 కేసులు. పది లక్షల డోసులకు 1.3. వారిలో ఒక్కరూ చనిపోలేదు. ఇలాంటప్పుడు ప్రాణం నిలబెట్టేది ఒక చిన్న గాజు ఆంప్యూల్‌లో ఉంటుంది: అడ్రినలిన్. వెడల్పైన రక్తనాళాలను అది బిగిస్తుంది, బిగిసిన శ్వాసనాళాలను వదులు చేస్తుంది, మాస్ట్ కణాలను అదుపు చేస్తుంది. తొడ కండరానికి వేయాలి, ఆలస్యం చేయకుండా వేయాలి. మన దేశంలో టీకా శిబిరానికి వెళ్లే ఏఎన్ఎం దగ్గర అనాఫిలాక్సిస్ కిట్ ఉంటుంది. డాక్టరు వచ్చేదాకా ఆగకుండా ఒక డోసు తనే వేసేలా ఆమెకు శిక్షణ, అనుమతి రెండూ ఉన్నాయి. ఉపకేంద్రానికి వెళ్లినప్పుడు ఆ కిట్ ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు, అడగాలి కూడా.

ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. అలర్జీ అనగానే మన చిన్న నర్సింగ్‌హోముల్లోనూ ఆర్‌ఎంపీల దగ్గరా చేతులు ముందుగా వెళ్లేది ఎవిల్ సూది వైపు, దాని వెంట డెక్సా అనే స్టెరాయిడ్ వైపు. ఎవిల్ దురదను తగ్గిస్తుంది, దద్దుర్లను అణుస్తుంది. పడిపోతున్న బీపీని నిలపదు, మూసుకుపోతున్న గొంతును తెరవదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది, రోగికి ఉన్నవి నిమిషాలు. అడ్రినలిన్ అంటే గుండె ఆగిపోయినవాళ్లకు ఇచ్చే ఆఖరి మందు అన్న భయం వైద్యుల్లోనే కొందరికి ఉంది. ఈ స్థితిలో అది మొట్టమొదటి మందు. మరో సంగతి: ఇలాంటి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఎక్కువుంటే కూర్చోబెట్టవచ్చు గానీ గబుక్కున లేపి నిలబెట్టి నడిపించకూడదు. గుండెకు చేరే ఆ కాస్త రక్తమూ కాళ్లలోకి దిగిపోయి అక్కడికక్కడే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. సూదితో తగ్గిపోయింది కదా అని వెంటనే ఇంటికి తీసుకుపోవడమూ మంచిది కాదు, కొందరిలో కొన్ని గంటలకు మళ్లీ తిరగబెడుతుంది. అన్నీ అరగంటలోనే మొదలవుతాయనీ లేదు. ప్రాణం తీసేంత తీవ్రమైనవి సాధారణంగా నిమిషాల్లోనే బయటపడతాయి, మెల్లగా మొదలయ్యేవి తేలిగ్గా ఉంటాయి. అరగంట లెక్క వెనకున్న తర్కం ఇదే.

అదే అరగంటలో, అంతకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా జరిగేది మరొకటుంది. కళ్లు తిరిగి పడిపోవడం. సూదిని చూసో, సూది గుచ్చుకున్నాకో వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గించేస్తుంది, బీపీ పడిపోతుంది, మనిషి కూలిపోతాడు. పడుకోబెడితే ఒకటి రెండు నిమిషాల్లో లేస్తాడు. బడిపిల్లల్లో, ముఖ్యంగా పదీ పదిహేనేళ్ల వయసువాళ్లలో ఎక్కువ. కొందరికి పడిపోయినప్పుడు చేతులు కాళ్లు నాలుగైదుసార్లు ఎగరేసినట్టు అవుతుంది, చూసినవాళ్లు ఫిట్స్ అంటారు. టీకా కంటే ఆ పడటమే ప్రమాదం, తల బెంచీకి తగిలి కుట్లు వేయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు. కూర్చోబెట్టి వేయడం, వేశాక పావుగంట కదలనివ్వకపోవడం అందుకే.

రెంటికీ తేడా తెలుసుకోవడానికి మణికట్టు పట్టుకుంటే చాలా తెలుస్తుంది. సొమ్మసిల్లినవాడి నాడి నెమ్మదిగా ఉంటుంది, ఒళ్లు పాలిపోయి చల్లటి చెమట పడుతుంది, ఊపిరి మామూలుగానే ఉంటుంది. అనాఫిలాక్సిస్‌లో నాడి పరుగెత్తుతుంది, ఒళ్లు ఎర్రబారి దద్దుర్లు తేలతాయి, ఊపిరికి కష్టపడతారు, పడుకోబెట్టినా తేరుకోరు. పసిపిల్లలు భయంతో సొమ్మసిల్లడం చాలా అరుదు. చంటిబిడ్డ టీకా వేసిన కొన్ని నిమిషాల్లో వేలాడిపోతే దాన్ని తీవ్రమైన అలర్జీగానే భావించి వైద్యం మొదలుపెట్టాలి.

సొమ్మసిల్లడానికి ఇంకో గుణం ఉంది, ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటుంది. 1998లో జోర్డాన్‌లో ఒక బడిలో ధనుర్వాతం, కంఠసర్పి టీకా వేశాక కొందరు పిల్లలకు తలనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైంది. వార్త టీవీల్లో రాగానే 800 మందికి పైగా పిల్లలు అవే లక్షణాలతో వచ్చారు, వందమందికి పైగా ఆసుపత్రిలో చేరారు. మందులో లోపమేమీ కనపడలేదు. బడిపిల్లలే కాదు, పెద్దవాళ్లూ ఇంతే. 2021 ఏప్రిల్ 7 నుంచి 9 దాకా అమెరికాలోని ఐదు రాష్ట్రాల్లో ఐదు పెద్ద శిబిరాల్లో జాన్సన్ కోవిడ్ టీకా వేసుకున్న 8,624 మందిలో 64 మందికి ఆందోళన వల్ల లక్షణాలు వచ్చాయి, వారిలో 17 మంది సొమ్మసిల్లారు. వరుసలో నిలబడి ముందువాడు కూలిపోవడం చూసినవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించవచ్చు. ఇదంతా నటన అని కొట్టిపారేసే పెద్దమనుషులు మన దగ్గర తక్కువేమీ కాదు. నాడి పడిపోవడం, బీపీ పడిపోవడం యంత్రంలో కనపడే నిజాలు. కారణం భయమైనంత మాత్రాన బాధ అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని టీకా సంబంధమైన ఒత్తిడి స్పందనగా విడిగా లెక్కిస్తుంది.

అరగంట దాటి ఇంటికి వచ్చాక వచ్చేది జ్వరం. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్‌లో కోరింతదగ్గు బాక్టీరియాను చంపి మొత్తంగా వాడతారు. దాని పైపొరలోని పదార్థాలు రోగనిరోధక వ్యవస్థను గట్టిగా తట్టి లేపుతాయి. అందుకే దాదాపు సగం మంది పిల్లలకు ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ గట్టిపడి ముట్టుకోనివ్వరు. నూరింటికి ఒకరికి అటూఇటూగా మూడు గంటలు దాటినా ఆగని ఏడుపు పట్టుకుంటుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో "నొప్పి లేని టీకా" అని వేలకు వేలు తీసుకుని వేసేది, ఆ బాక్టీరియా నుంచి కొన్ని ప్రొటీన్లను మాత్రమే వేరుచేసి తయారుచేసినది. దానితో జ్వరం తక్కువ, నిజమే. రక్షణ కూడా త్వరగా తరిగిపోతుందన్నది ఆ కరపత్రాల్లో కనపడదు. అమెరికా 1990లలో పూర్తిగా దానికి మారింది, 2012లో అక్కడ 48 వేలకు పైగా కోరింతదగ్గు కేసులు నమోదయ్యాయి. జ్వరం చూసి ప్రభుత్వ మందు నాసిరకమని అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

ఈ మొదటి రోజునే, చాలా అరుదుగా, తల్లిదండ్రుల గుండె ఆగినంత పనిచేసే ఒక ఘటన జరుగుతుంది. టీకా వేసిన కొన్ని గంటలకు బిడ్డ హఠాత్తుగా గుడ్డపీలికలా వేలాడిపోతుంది, తెల్లగానో నీలంగానో మారిపోతుంది, పిలిస్తే పలకదు. చనిపోయిందనే అనుకుంటారు. నిమిషాల నుంచి కొన్ని గంటల్లో దానంతటదే తేరుకుంటుంది, తర్వాత ఏ లోపమూ మిగలదు. 1981లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో కోరింతదగ్గు టీకా కలిసిన డీపీటీ 15,752 డోసులకు ఇలాంటివి 9 లెక్కతేలాయి. తేరుకుంటుంది కదా అని ఇంట్లో ఎదురుచూడమని చెప్పడం లేదు. ఇది అదేనా, మరొకటా అని ఇంట్లో ఎవరూ తేల్చలేరు, ఆసుపత్రికి వెళ్లి తీరాల్సిందే.

అదే అధ్యయనంలో ఫిట్స్ కూడా సరిగ్గా 9. ఫిట్స్ వల్ల వచ్చినంత వివాదం టీకాల చరిత్రలో దాదాపు మరి దేనివల్లా రాలేదు, కాబట్టి కాస్త ఆగి చూడాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఏదో ఒక జ్వరంలో ఫిట్స్ వస్తాయి, టీకా జ్వరమైనా జలుబు జ్వరమైనా ఒకటే. తట్టు ఉన్న టీకాలో బతికున్న, బలహీనపరచిన వైరస్ ఉంటుంది కాబట్టి దాని జ్వరం వేసిన రోజున రాదు, వారం తర్వాత వస్తుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేసిన ఒకటి రెండు వారాల్లో మూడు నాలుగు వేల డోసులకు ఒకరికి ఇలా ఫిట్స్ వస్తాయని అమెరికా లెక్క. ఆ సమయంలో మనవాళ్లు చేసే పనులు, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఏవీ పనిచేయవు. చెంచా అయితే పళ్లు విరగ్గొడుతుంది. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆగకుండా 108. ఆగిపోయినా మొదటిసారి కాబట్టి డాక్టరుకు చూపించాలి. చూడటానికి ఘోరంగా ఉండే ఈ మామూలు జ్వరపు ఫిట్స్ మెదడును దెబ్బతీయవు.

మరి దెబ్బతిన్న పిల్లల సంగతి? 1974లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు డీపీటీ తర్వాత ఫిట్స్, మెదడు జబ్బు వచ్చిన 36 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. పత్రికలు, టీవీ దాన్ని ఎత్తుకున్నాయి. ఐదుగురిలో నలుగురు వేయించుకునే ఆ టీకాను కొన్నేళ్లలోనే ముగ్గురిలో ఒకరు మాత్రమే వేయించుకునే స్థితి వచ్చింది, బ్రిటన్‌లో కోరింతదగ్గు మళ్లీ విరుచుకుపడింది. ఆ తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు. నిన్నటిదాకా నవ్విన బిడ్డ టీకా వేసిన రాత్రి ఫిట్స్‌తో మొదలై తర్వాత ఎదగలేదు, వాళ్లు కళ్లారా చూశారు. దీనికి సరైన జవాబు దొరకడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిచ్ బృందం, టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదని భావించిన 14 మంది జన్యువులను పరీక్షించి 2006లో ఫలితం ప్రకటించింది. 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం బయటపడింది, దాదాపు అందరిలోనూ అది తల్లిదండ్రుల నుంచి కాక కొత్తగా పుట్టిన లోపం. ద్రావే సిండ్రోమ్ అనే ఆ జబ్బులో మెదడు కణాల సోడియం ద్వారాలు సరిగా పనిచేయవు, పుట్టిన మొదటి ఏట ఏదో ఒక జ్వరంతో ఫిట్స్ బయటపడతాయి. మొదటి జ్వరం టీకాది అయితే అది టీకా జబ్బులా కనపడుతుంది. టీకా వేయకపోతే తర్వాతి జలుబు ఆ పని చేసేది. తల్లులు చూసింది నిజమే, కారణమే వేరు.

ఇక టీకాలో ఏ తప్పూ లేకుండా, టీకా వేసే చోట జరిగే తప్పు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి పట్టణ ఆరోగ్యకేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ వేశారు. జ్వరం వస్తే వేయమని పారాసెటమాల్ మాత్ర ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ ఇచ్చారు. అది పెద్దవాళ్ల తీవ్రమైన నొప్పులకు వాడే, నల్లమందు జాతి మందు, పసివాళ్లలో ఊపిరిని అణిచేస్తుంది. పిల్లలు మగతలోకి జారుకుని వరసగా నిలోఫర్ ఆసుపత్రికి చేరారు, వెంటిలేటర్ మీద పెట్టాల్సి వచ్చింది, ప్రాణాలు కూడా పోయాయి. ఊళ్లలో మాత్రం "టీకా వికటించింది" అన్న మాటే పాకింది. సూది మందు మీద అనుమానం ఉన్నంతసేపూ మాత్రల పెట్టెను ఎవరూ చూడరు. ఇలాంటప్పుడు దారి చూపేది లక్షణాల తీరు: జ్వరం, దద్దుర్లు కాక, మగత, మందగించిన ఊపిరి. టీకా చేసే పని కాదది.

ఇలాంటి తప్పు ఎంతదూరం పోగలదో సమోవా దీవులు చూశాయి. 2018 జులైలో అక్కడ ఇద్దరు పసిపిల్లలు ఎంఎంఆర్ వేసిన నిమిషాల్లో చనిపోయారు. పొడిగా ఉండే ఆ టీకాను కలపాల్సిన నీటికి బదులు, ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి వాడే మందుతో కలిపారని విచారణలో తేలింది. నర్సులకు జైలుశిక్ష పడింది. టీకా కార్యక్రమం నెలల తరబడి ఆగింది, మొదలెట్టాక కూడా జనం రాలేదు. 2019 చివర్లో తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభాలో 5,700 మందికి సోకి 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపువాళ్లు. 1928లో ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌లో ఒకే సీసాలోంచి కంఠసర్పి టీకా వేసుకున్న 21 మంది పిల్లల్లో 12 మంది చనిపోయింది కూడా మందువల్ల కాదు, రోజుల తరబడి తెరిచి వాడిన సీసాలో పెరిగిన స్టాఫిలోకాకస్ వల్ల. ఇవాళ మన ఉపకేంద్రంలో కలిపిన తట్టు టీకా నాలుగు గంటలు దాటితే, ఇంకా డోసులు మిగిలున్నా పారేస్తారు. వృథా అని సణిగేవాళ్లకు చెప్పాల్సింది ఆ 12 మంది గురించే.

ఖమ్మం జిల్లాలో జరిగింది వేరే రకం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి పదీ పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ అలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు తర్వాతి నెలల్లో చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణలో బయటికొచ్చిన కారణాలు నీళ్లలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా లాంటివి. టీకా కారణమని చెప్పడానికి ఆధారం దొరకలేదు. అక్కడితో ఆగిపోతే అబద్ధమవుతుంది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం వేలెత్తి చూపినవి నిజమైన తప్పులు: గిరిజన హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు, టీకా తర్వాత ఎవరికి ఏమైందో వెంటనే పట్టుకునే ఏర్పాటు లేదు. సూది వేసి వెనక్కి తిరిగి చూడనివాడు, తర్వాత "దానివల్ల కాదు" అంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోవడం ఆ ఊళ్ల అజ్ఞానమని రాసినవాళ్లతో నేను ఏకీభవించను.

యాదృచ్ఛికం అనేది ఎంత పెద్ద సంఖ్యో కాగితం మీద చూస్తే తప్ప నమ్మకం కుదరదు. మన దేశంలో ఏటా సుమారు 2.3 కోట్ల మంది పుడతారు. నెల దాటి ఏడాది నిండేలోపు చనిపోయేవాళ్లు వెయ్యికి ఆరుగురని తక్కువలోనే అనుకుందాం. 1.38 లక్షలు. ఆ పదకొండు నెలలకు పంచితే రోజుకు నాలుగు వందలు. పెంటావాలెంట్ మూడు డోసులు, ఒక్కోదాని తర్వాత రెండు రోజుల చొప్పున ఆరు రోజులు లెక్కిస్తే, అందరికీ టీకా వేసే దేశంలో టీకాకు ఏ సంబంధమూ లేకుండానే ఏటా రెండువేలకు పైగా మరణాలు "టీకా వేసిన రెండు రోజుల్లో" అన్న వాక్యంలో ఇరుక్కుంటాయి. టీకా నీళ్లతో నింపినా ఇంతే. జబ్బుగా ఉన్న బిడ్డకు ఆ రోజు టీకా వాయిదా వేస్తారు కాబట్టి అసలు సంఖ్య కొంత తగ్గుతుంది, కానీ సున్నా కాదు. 2021 జూన్‌లో టీకా దుష్ఫలితాలను పరిశీలించే జాతీయ కమిటీ కోవిడ్ టీకాల తర్వాతి 31 తీవ్ర ఘటనల నివేదిక ఇచ్చినప్పుడు 18 యాదృచ్ఛికమని, 3 టీకా వల్లనే అని, ఒకటి ఆందోళన వల్ల అని తేల్చింది. ఏడింటిని ఎటూ తేల్చలేకపోయింది, రెండింటికి సమాచారమే చాలలేదు. టీకా వల్ల అన్న మూడూ అనాఫిలాక్సిస్‌లే, వాటిలో మార్చి 8న టీకా వేసుకున్న 68 ఏళ్ల వ్యక్తి చనిపోయారు. ఆ ఒక్క మరణాన్ని దాచకుండా ఒప్పుకోవడం వల్లే మిగతా 18 మీద నాకు కాస్త నమ్మకం కలిగింది.

వారాల తర్వాత వచ్చేవి కొన్నే, కానీ వాటికి గుర్తులు స్పష్టంగా ఉంటాయి. 1998లో అమెరికాలో రోటాషీల్డ్ అనే రోటావైరస్ చుక్కల మందు వచ్చింది. ఏడాది తిరక్కుండానే, మొదటి డోసు తర్వాత మూడు రోజుల నుంచి రెండు వారాల మధ్య కొందరు పిల్లల్లో పేగు పేగులోకి దూరి ఇరుక్కుపోతోందని కనిపెట్టారు. పదివేల మందికి ఒకరు చొప్పున. 1999 అక్టోబరులో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఆ అనుభవం వల్లే తర్వాతి రోటావైరస్ టీకాలను వేలమంది పిల్లల మీద పరీక్షించాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. దాని తర్వాత పేగు ఇరుక్కునే ప్రమాదం పెరగలేదని దేశంలోని పలు ఆసుపత్రుల సమాచారంతో చేసిన అధ్యయనం 2020లో చెప్పింది. అయినా బిడ్డ ఉండుండి కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తూ, పచ్చటి వాంతులు చేసుకుంటూ, విరేచనంలో రక్తంతో కలిసిన జిగురు పడుతుంటే, టీకా వేసినా వేయకపోయినా గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి.

కోవిడ్ టీకాల్లో ఆస్ట్రాజెనెకా రకం, అంటే మన కోవిషీల్డ్, వేసిన నాలుగు రోజుల నుంచి నెలలోపు అతి కొద్దిమందిలో ప్లేట్‌లెట్లు తగ్గిపోతూనే రక్తం గడ్డకట్టింది. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుట్టడమే కారణమని జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ వైద్యులు 2021లో వారాల వ్యవధిలోనే పట్టుకున్నారు. మామూలుగా గడ్డలకు ఇచ్చే హెపారిన్ ఇక్కడ ఇవ్వకూడదని తెలిసింది కూడా అలాగే. మన దేశంలో అప్పటి ప్రభుత్వ లెక్క పది లక్షల డోసులకు 0.61. అమెరికాలో ఉన్న మన పిల్లలు వేసుకున్న ఎంఆర్ఎన్ఏ టీకాలకు వేరే చిక్కు: రెండో డోసు వేసిన వారంలోపు, ఎక్కువగా పదహారు పదిహేడేళ్ల మగపిల్లల్లో గుండె కండరానికి వాపు, పదివేలకు ఒకరు చొప్పున. ఎక్కువమంది కొద్దిరోజుల్లో కోలుకున్నారు. కుర్రాడు ఛాతీ నొప్పి అంటే గ్యాస్ అని ఈనో కలిపి ఇచ్చే ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి.

బీసీజీ పొక్కు గురించి మాత్రం ఆసుపత్రికి పరుగు అక్కర్లేదు. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసిన చోట రెండు మూడు వారాలకు బుడిపె లేచి, పుండై, మచ్చగా మారడమే దాని పద్ధతి. పసుపు, ఆయింట్‌మెంట్ పూయకుండా వదిలేయాలి. చంకలో గడ్డ పెరిగితేనో చీము పడితేనో చూపించాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, టీకా తర్వాత ఇచ్చిన మాత్రల అట్ట, బిడ్డకు వేసిన ప్రతి మందూ సంచిలో వేసుకోండి. నాంపల్లి పిల్లల ఇళ్లలో జవాబు ఆ అట్టల మీదే ఉంది. ఏఎన్ఎంకు ఫోన్ చేసి చెప్పండి. మీరు చెప్పింది టీకా సీసా బ్యాచ్ నంబరుతో సహా జిల్లా కమిటీ దాకా వెళుతుంది. ప్రైవేటులో వేయించినా మందుల దుష్ఫలితాలను నమోదు చేసే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తర్వాతి డోసు వేయించాలా అన్నది వచ్చినదాన్ని బట్టి మారుతుంది. అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లకు అదే టీకా మళ్లీ వేయరు, ఏ పదార్థం పడలేదో పరీక్షించి మిగతావి వేస్తారు. జ్వరం, వాపు, ఏడుపు వచ్చిన పిల్లలకు తర్వాతి డోసు ఆపరు. మామూలు జ్వరపు ఫిట్స్ వచ్చినవాళ్లకూ సాధారణంగా ఆపరు. కళ్లు తిరిగి పడిపోయిన పిల్లకు మరుసటిసారి పడుకోబెట్టి వేస్తారు.